ఇంటిపనికి ఆటంకం కలగనంతవరకు

నిరుడు రంజాన్ నెల. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని మా టైపింగ్ సెంటర్. టైపింగ్ సెంటరంటే వీసా దరఖాస్తులు, కంపెనీలకిచ్చే ఉత్తరాలు అరబిక్‌లో, ఇంగ్లీషులో కొట్టిపెట్టే దుకాణం. మాది జగిత్యాల. పదమూడేళ్ళుగా ఇదే కుర్చీ. ఎవరింట్లో ఎవరి మాట చెల్లుతుందో దరఖాస్తు చూసి చెప్పేస్తాను. గొప్పకు చెప్పడం లేదు, నా ఖర్మ అది.

ఆ పొద్దున ప్రసాద్ గారు, ఆయన భార్య సుజాతమ్మ వచ్చారు. గుంటూరు వాళ్ళు. ఇంజనీరుగా ఆయన ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. ఆమె నర్సు. ఇంటద్దె, పాప స్కూలు ఫీజు అన్నీ ఆమె జీతం మీదే. అల్ ఘర్రాఫాలో పెద్దిల్లు వదిలేసి మా వీధిలో రెండు గదుల్లోకి మారారు. ఆయన వీసాకు ఇప్పుడు ఆమే స్పాన్సర్, అంటే ఆయన ఈ దేశంలో ఉండడానికి పూచీ ఆమెది. దిగులుతో మనిషి సగమైపోయాడు.

"ఉద్యోగం దొరికిందయ్యా! జీతం సగమే అనుకో. ఒంటిగంటలోపు ఎన్.ఓ.సి. ఇవ్వకపోతే ఇంకొకర్ని తీసుకుంటారట" అన్నారు.

ఎన్.ఓ.సి. అంటే 'ఈ మనిషి పనిచేయడానికి నాకు అభ్యంతరం లేదు' అని స్పాన్సర్ రాసిచ్చే కాగితం. కాబట్టి సుజాతమ్మ వైపు తిరిగాను. "ఏం రాయాలమ్మా?"

ఆమె సంచిలోంచి ఫైలు తీసి, పాత కాగితం ఒకటి నా ముందు పెట్టింది. "ఇదే ఫార్మాట్. పేర్లు మారిస్తే చాలు."

చూడగానే గుర్తుపట్టాను. ఐదేళ్ళ కిందట ఆమె ఆయన వీసా మీద ఉన్నప్పుడు, ఆసుపత్రిలో చేరడానికి ఆయనిచ్చిన ఎన్.ఓ.సి. అది. 'ఇంటిపనికి ఆటంకం కలగనంతవరకు నా భార్య ఉద్యోగం చేయడానికి అభ్యంతరం లేదు.' ఆయన చెప్పారు, నేను నోర్మూసుకుని కొట్టాను. షరతులు చెల్లవని ఆసుపత్రి తిప్పి పంపితే మళ్ళీ కొట్టిచ్చాం. ఆ మొదటి కాగితాన్ని ఈమె దాచిందన్నమాట, అమ్మో!

"అదెందుకు ఉంచావే?" అన్నారు ప్రసాద్ గారు.

"దేనికైనా పనికొస్తుందనండీ."

"షరతు పెడితే కంపెనోళ్ళు వాపస్ పంపుతరమ్మా" అని నేనే అడ్డుపడ్డాను.

"నా కాగితం తిప్పి పంపలేదా? ఆ ఒక్క ముక్క వల్ల పది రోజులు తిరిగాను. మీరు కొట్టండి."

కొట్టాను. ఏం చేస్తాం, సంతకం పెట్టాల్సింది ఆమె. ప్రసాద్ గారు ప్రింటు తీసుకుని చదివారు. "ఇంటిపనికి ఆటంకం కలగనంతవరకు నా భర్త..." అక్కడ ఆగిపోయారు.

"చదువుతుంటే ఒళ్ళు మండిపోతోందే!"

"నాకూ ఆ రోజు అలాగే మండిందండీ. మీరు అడగలేదు."

ఆయన ఆ ప్రింటు కౌంటరు మీద పెట్టేశారు. "తప్పయిపోయింది సుజాతా" అన్నారు, నా ముందరే. ఈ కౌంటరు దగ్గర ఏ మొగుడి నోటా ఆ మాట వినలేదు నేను. ఆ వాక్యం కొట్టిన వేళ్ళు నావే కాబట్టి నాకూ సిగ్గేసింది.

"ఇక షరతు లేకుండా కొట్టండి" అంది ఆమె. "ఈయన చేరాలి. డబుల్ డ్యూటీలు చేయలేక చస్తున్నాను." కొత్త కాగితం మీద చకచకా సంతకం పెట్టింది.

"మరి సార్ పేరుతోటి కొట్టిన ఈ షరతు కాగితం చింపెయ్యాల్నా అమ్మా?"

"ఆగండాగండి! అది ఫ్రిజ్‌కి అంటిస్తాను. ఈ ఎనిమిది నెలల్లో పప్పుచారు బ్రహ్మాండంగా పెట్టడం నేర్చుకున్నారు. ఉద్యోగం వచ్చిందని మానేస్తే ఎలా?"

ప్రసాద్ గారు చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వారు. "యల్లా సార్, ఉరుకుండ్రి!" అని అరబ్బీ కలిపి తరిమాను. టైముకే అందించారు.

నోర్మూసుకుని కొట్టకూడదని నాకప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు ఏ మొగుడైనా భార్య ఎన్.ఓ.సి.లో ఒక ముక్క కలపమంటే నేను వాదించను. "కలుపుత సార్. రెండు కాపీలు కొడత. ఒకటి ఆమె పేరు మీద, ఇంకోటి మీ పేరు మీద. ఎప్పుడు ఏది అక్కరకొస్తదో" అంటాను. ఇంతవరకు ఆ రెండో కాపీ కొట్టే పని పడలేదు.