నమ్మనయ్యగారి కిటికీ

నమ్మనయ్యగారు తన జీవితంలో ఒక్కసారైనా, ఎవరినైనా, దేన్నైనా పూర్తిగా నమ్మారా? ఈ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఆయన్ని ఎరిగినవాళ్ళలో సగంమంది లేదంటారు. మిగతా సగంమంది ఏమన్నా ఆయన నమ్మేవారు కాదు కాబట్టి, వాళ్ళు ఏమీ అనడం మానేశారు.

నమ్మనయ్య అన్నది ఆయన అసలు పేరు కాదు. వీలునామాల కోర్టులో రికార్డు గది గుమాస్తా ఆయన. పోయినవాళ్ళు రాసిన వీలునామాలు, ఉన్నవాళ్ళు వాటి మీద వేసిన దావాలు, అన్నీ కట్టలు కట్టలుగా ఆయన వెనక బీరువాల్లో ఉండేవి. ఎవరికి నకలు కావాలన్నా ఆయన కిటికీ ముందు నిలబడి, ఫారం నింపి లోపలికి తోసి, "నమ్మనయ్యా, నేను నమ్మను" అనిపించుకుని ఇంటికి పోవాలి. ఆ మాట వినీ వినీ ప్లీడర్లే ఆయనకి ఆ పేరు ఖాయం చేశారు.

ఆయన అనుమానానికి చిన్నా పెద్దా తేడా లేదు. టీ తెచ్చినవాణ్ణి ముందు ఒక గుక్క తాగి చూపించమనేవారు. వాడు తాగాక గ్లాసు వెనక్కి తోసి, "ఎంగిలి చేశావు, ఇంకోటి పట్రా" అనేవారు. గోడ గడియారాన్ని చేతి గడియారంతో సరిచూసేవారు, చేతి గడియారాన్ని గోడ గడియారంతో సరిచూసేవారు, రెండూ ఒకే టైము చూపిస్తే "రెండూ కూడబలుక్కున్నాయి" అనేవారు.

తన నమూనా సంతకం ఒకటి గోడకి అంటించుకుని, ఏ నకలు మీద సంతకం పెట్టినా దాంతో పోల్చి చూసుకోవడం ఆయనకి అలవాటు. ఒకసారి చివర తోక కాస్త పొడుగొచ్చింది. అంతే, నకలు పక్కన పడేశారు.

"ఈ సంతకం నాది కాదు. రేపు రండి."

"అయ్యా, నా కళ్ళముందేగా పెట్టారు!" అన్నాడు ప్లీడరు.

"మీరు సాక్ష్యం చెబుతున్నారా? అయితే మరీ అనుమానించాలి."

తాతగారి వీలునామా కోసం వచ్చిన ఒక పెద్దమనిషి సంగతి కోర్టులో చాలాకాలం చెప్పుకున్నారు.

"తాతగారు పోయారని మీకెవరు చెప్పారు?"

"మా నాన్నగారండీ."

"అయితే ఆయన్ని తీసుకురండి."

"ఆయనా పోయారండీ."

"చూశారా! నేను అడిగిన ప్రతివాళ్ళూ పోయారంటున్నారు."

ఇలాంటి కిటికీ ముందుకి ఒక పొద్దున ఒక దర్జీ వచ్చింది. నడివయసు మనిషి, మెడలో టేపు తీసి రావడం కూడా మర్చిపోయింది. ఆమె తండ్రీ దర్జీయే. ఆయన నడిపిన కుట్టుకొట్టులో పక్కనే కూర్చుని పని నేర్చుకుంది, ఆయన పోయాక ఆ కొట్టునే నమ్ముకుని బతుకుతోంది. అన్న బస్సు కండక్టరు. తండ్రి పోయిన నెల నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకని అడిగితే ఇద్దరూ "ఆ సంగతి అవతలివాళ్ళనే అడగండి" అనేవారు.

ఇప్పుడు అన్న తండ్రి వీలునామా కోర్టులో దాఖలు చేశాడు. అభ్యంతరాలుంటే వాయిదా లోపల చెప్పుకోమని ఆమెకి నోటీసు వచ్చింది. అదే సమయానికి, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ చల్లగా ఓ మాట చెప్పిపోయింది: కొట్టు అన్న పేరే రాశారట, వదిన అది అమ్మించేస్తుందట. కొట్టు పోతే తన చేతిలో పనీ పోయినట్టే. తండ్రి నిజంగా అలా రాశాడా? మంచంలో ఉన్న మనిషి చేత అన్నయ్యే సంతకం పెట్టించాడా? అభ్యంతరం చెప్పాలన్నా, ఊరుకోవాలన్నా ముందు అందులో ఏముందో చూడాలి. అందుకే వచ్చింది.

కిటికీ వెనక మనిషిని దర్జీ కళ్ళతో కొలిచింది. చొక్కాకి బయట జేబు లేదు. జేబు లోపలివైపు కుట్టించుకున్నాడు, దానికో గుండీ. 'ఈయన దగ్గర పని అయినట్టే' అనుకుంది.

"మా నాన్నగారి వీలునామా నకలు కావాలండీ."

"మీ నాన్నగారేనని ఎలా నమ్మమంటారు?"

"నేను ఆయన కూతుర్నండీ."

"ఆయన కూతురు కాబట్టి ఆయన మీ నాన్న, ఆయన మీ నాన్న కాబట్టి మీరు కూతురు. బాగుంది. కేసు నంబరు?"

ఆమె నోటీసు చూసి చదివింది.

"ఈ నంబరు మీకెక్కడిది?"

"మీ కోర్టువాళ్ళే పంపారండీ."

"మావాళ్ళా? అయితే మళ్ళీ సరిచూడాలి." ఆయన ఫారాన్ని వెలుతురుకి ఎత్తి ముందూ వెనకా చూశారు. "మీ నాన్నగారి వృత్తి దర్జీ అని రాశారు. పెన్సిలు చెవి మీద పెట్టుకునే అలవాటుందా ఆయనకి?"

"ఉందండీ."

"ఏ చెవి?"

ఆమె ఆలోచించనే లేదు. "కుడి చెవి."

"విచారిస్తాం. రేపు పదకొండింటికి రండి."

మర్నాడు పదకొండింటికి వచ్చేసరికి కిటికీ ముందు ఖాకీ చొక్కా ఒకటి వంగి కనిపించింది. వెనకనుంచి చూసినా భుజాల కొలత ఆమెకి కంఠతా వచ్చు. అన్నయ్య! తండ్రి పేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా ఉందని అన్న దాఖలు చేసిన కాగితాలు వెనక్కొచ్చాయి. అవి సరిచేసి ఇస్తే తప్ప వాయిదాకి కేసు జడ్జిగారి ముందుకి పోదు.

నమ్మనయ్యగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సంతోషించినట్టు కనిపించారు. అనుమానించదగ్గ మనుషులు ఒకేసారి ఇద్దరు దొరికితే ఎవరికైనా సంతోషమే.

"ఈయన ఎడమ చెవంటున్నారు. మీరు కుడి చెవన్నారు. ఇద్దరూ ఒకే మనిషి పిల్లలమంటున్నారు. ఎవరో ఒకరు నకిలీ. ఇద్దరూ కలిసి ఒకే జవాబు చెప్పేదాకా ఈ కట్ట ముడి విప్పను."

"ఫారంలో చెవి గురించి ఎక్కడుంది సార్?" అన్నాడు కండక్టరు, బస్సులో అందరికీ వినబడే గొంతుతో.

"ఫారంలో లేనివే అడగాలి. ఉన్నవాటికి అందరూ జవాబు తయారుచేసుకునే వస్తారు."

అన్నయ్య ఈయన చెయ్యి తడిపాడు, సందేహం లేదు అనుకుంది చెల్లెలు. ఇదంతా చెల్లెలు చేయించిన పనేనని అన్న అనుకున్నాడు. వసారాలో ఉన్నది ఒకటే బెంచీ. ఆ చివర అన్న, ఈ చివర చెల్లెలు. మధ్యలో నలుగురు కూర్చునేంత ఖాళీ. ఆరోజూ ఏమీ తేలలేదు, ఆ మర్నాడూ తేలలేదు. నమ్మనయ్యగారు ఇద్దరికీ విడివిడిగా "రేపు పదకొండింటికి" అంటూనే ఉన్నారు. వాయిదా ముంచుకొచ్చింది. ఆమె కొట్టులో సగం కుట్టిన బట్టలు పేరుకుపోయాయి.

చివరికి ఒకరోజు కండక్టరు ఎదుటి గోడతో మాట్లాడాడు.

"కొంతమంది నోటికొచ్చింది చెప్పి పదిమంది పనీ ఆపేస్తారు."

చెల్లెలు పైకప్పుతో మాట్లాడింది. "టికెట్లు చింపే అలవాటున్న చేతులు మరి. కాగితం కనిపిస్తే ఊరుకుంటాయా?"

"కుడి చెవట, కుడి చెవి! నాన్న పెన్సిలు ఎప్పుడూ ఎడమ చెవి మీదే."

"ఇరవై ఏళ్ళు ఆయన కుడిపక్కన కూర్చుని కాజాలు కుట్టాను. నీకు తెలుసా, నాకు తెలుసా?"

"నేను మాత్రం ఎక్కడ కూర్చునేవాణ్ణి? రోజూ సాయంత్రం లెక్కలు చెయ్యమని కొట్లో కూలేసేవాడుగా. ఆయనకి వీపు పెట్టి, కొలతల అద్దం ముందు. తల ఎత్తితే చాలు, అద్దంలోంచి నన్నే చూస్తూ ఉండేవాడు. పెన్సిలు ఎడమ చె..."

ఆగిపోయాడు. అటు చెల్లెలూ పైకప్పు మీంచి చూపు దింపింది.

"అద్దంలోనా?" అంది.

"అద్దంలోనే."

"ఒరే దేవుడా! అద్దంలో కుడి ఎడమవుతుందని కూడా తెలియదా అన్నయ్యా నీకు? ఆ లెక్కలు ఎలా చేశావో ఇప్పుడర్థమైంది."

ఆయన తన కుడి చెవి పట్టుకుని చూసుకున్నాడు, ఎడమ చెవీ పట్టుకుని చూసుకున్నాడు. పక్కనుంచి పోతున్న ప్లీడరు గుమాస్తా ఎవరో గుంజీళ్ళు తీస్తున్నారనుకుని నవ్వి పోయాడు. దాంతో చెల్లెలికీ నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు.

నవ్వు అయ్యాక మధ్యలో ఖాళీ కొంచెం తగ్గింది.

"నాన్న పోయాక ఒక్కసారైనా కొట్టు గుమ్మం తొక్కావా?" అంది.

"వచ్చానే. తాళం మార్చేశావు. నా తాళంచెవి పట్టలేదు. నన్ను రావద్దని చెప్పడానికి అంతకన్నా ఏం చెయ్యాలి?"

"ఆ తాళం తుప్పు పట్టి విరిగింది, అందుకు మార్చాను!"

"మరి చెప్పొచ్చుగా!"

"అడగొచ్చుగా!"

లోపల నమ్మనయ్యగారు ఎవరితోనో "మీ కలం మీదేనని ఏమిటి రుజువు?" అంటున్నారు.

"ఇంతకీ నాన్న ఏం రాశాడు?"

"గది నాకు రాశాడు. మిషన్లు, కత్తెర్లు, బల్ల, ఆ అద్దం నీకు."

ఆమె దాన్ని మనసులో కత్తిరించి, కుట్టి, విప్పి చూసుకుంది. "మిషన్లు రోడ్డు మీద పెట్టుకోనా నేను?"

"ఖాళీ గదిలో నేను మాత్రం కూర్చుని ఏం కుట్టను?"

"చొక్కా నీకిచ్చాడు, గుండీలు నాకిచ్చాడన్నమాట."

"ఎంత అనుమానం మనిషో చూడు. మనం విడిపోతామని ముందే కనిపెట్టాడు."

"వదిన అమ్మేద్దామంటోందటగా?"

"అంటోంది. నేను తలూపాను కూడా, అబద్ధం ఎందుకు. నువ్వు తాళం మార్చావన్న కోపంలో." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అమ్మను లేవే. ఆ అద్దం ఇంకెక్కడ పడుతుంది? నువ్వు ఎన్నాళ్ళు కుట్టగలిగితే అన్నాళ్ళు గది నీదే."

"ఈ మాట జడ్జిగారి ముందు చెబుతావా?"

"నామీద నమ్మకం లేదా?"

"లేదు. ఈ కిటికీ దగ్గర ఇన్నాళ్ళు నిలబడ్డాక ఇంకా నమ్మకం కూడానా?"

"సరే తల్లీ, జడ్జిగారి ముందే చెబుతాను."

ఇద్దరూ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "కుడి చెవేనండీ," అంది ఆమె. "మా అన్నయ్య అద్దంలో చూశాడు."

నమ్మనయ్యగారు కళ్ళజోడు మీంచి చూశారు. "అద్దం సాక్ష్యం కోర్టులో చెల్లదు." అంటూనే తను కూర్చున్న దిండు కింద చెయ్యి పెట్టి, ఆమె అడిగిన నకలు, అన్న సరిచేయాల్సిన కాగితాలు బయటికి తీశారు. నకలు మీద సీలూ సంతకమూ అన్నీ ఉన్నాయి. దిండు కింద ఎన్నాళ్ళు నలిగాయో, రెండూ ఇస్త్రీ చేసినట్టున్నాయి.

"ఇవి ఎప్పుడో తయారైనట్టున్నాయే!" అన్నాడు కండక్టరు.

"మీకెందుకా సంగతి? ఏం కుట్ర పన్నుతున్నారు?"

వాళ్ళు బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని, నకలు పేజీలు తిప్పుతున్నారు. ఇంతలో పట్టుచీర కట్టిన ఒకావిడ కిటికీ ముందుకొచ్చింది. అత్తగారి వీలునామా కావాలంది.

"మీ అత్తగారు ఏ పక్కకి తిరిగి పడుకునేవారు?"

ఆవిడ తెల్లబోయి, "గోడ వైపండీ" అంది.

"విచారిస్తాం. రేపు పదకొండింటికి రండి."

ఆవిడ మెట్లు దిగిందో లేదో, స్తంభం చాటునుంచి ఇంకొకావిడ వచ్చింది. మొదటావిడ ఎప్పుడు వెళుతుందా అని చూస్తూ నిలబడ్డట్టుంది. ఈవిడకీ ఆ అత్తగారి వీలునామాయే కావాలి.

"మీ అత్తగారు ఏ పక్కకి తిరిగి పడుకునేవారు?"

"గుమ్మం వైపు. కోడళ్ళు ఎప్పుడు లేస్తారో చూడాలిగా."

"మీ తోటికోడలు గోడ వైపంటోంది. ఎవరో ఒకరు నకిలీ. రేపు పదకొండింటికి రండి."

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేజీ తిప్పుతున్న వేలు అక్కడే ఆగింది.

"నీకూ పదకొండేనా?" అన్నాడు అన్న మెల్లగా.

"రోజూ పదకొండే."

వసారా ఊడుస్తున్న ముసలి బంట్రోతు అడక్కుండానే చీపురు ఆపాడు. "విడివిడిగా వచ్చినవాళ్ళకి ఆయన నకలు ఇవ్వడం నేనైతే చూళ్ళేదమ్మా. వాయిదా మాత్రం ఎవరికీ దాటనివ్వరు. కావాలనే చేస్తున్నారా బాబూ అని ఒకసారి అడిగాను."

"ఏమన్నారు?"

"'కావాలని చేస్తున్నానని నీకెవరు చెప్పారు?' అని వారంరోజులు నాతో మాట్లాడలేదు."

కండక్టరు టోపీ సర్దుకున్నాడు. చెల్లెలు మెడలో టేపు తీసి సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ కిటికీ దగ్గరికి నడిచారు. అప్పటికే కిటికీ రెక్క మూసి ఉంది. "నువ్వు చెప్పు" అంటే "నువ్వే పెద్దవాడివి, నువ్వు చెప్పు" అనుకున్నారు కాసేపు. చివరికి కండక్టరు గొంతు సవరించుకుని, ఆ మూసిన రెక్కకేసి, బస్సులో చివరి సీటుకి వినబడేలా అన్నాడు.

"అయ్యా, మీ మేలు ఈ జన్మలో మరిచిపోం. మీరు నమ్మినా నమ్మకపోయినా సరే."

లోపల్నుంచి అలికిడి లేదు.

"ఇంకాస్త గట్టిగా చెప్పు, వినబడలేదేమో," అంది చెల్లెలు.

ఆయన మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఈసారి ఆమె కూడా గొంతు కలిపింది.

"ఎవరికమ్మా చెబుతున్నారు?" అన్నాడు బంట్రోతు, చెత్త ఎత్తుతూ. "ఆయన వెనక తలుపునుంచి ఇందాకే వెళ్ళిపోయారు."