పరస్థానం పెట్టిన పాస్‌పోర్టు

2021లో మా కోడలు గల్ఫ్‌లో తన నర్సు ఉద్యోగానికి తిరిగి వెళ్లాల్సినప్పుడు, ఆ దేశం కోవిడ్ నిబంధనలు రోజూ పొద్దున్నే నేనే చూసేదాన్ని. నిన్నటి మాట ఇవాళ ఉండేది కాదు. టెస్టు గడువును రిపోర్టు వచ్చినప్పటి నుంచి కాక, శాంపిల్ ఇచ్చిన గంట నుంచి లెక్కపెడతారు. అందుకే గురువారం అమలాపురంలో శాంపిల్ ఇప్పించాను. హైదరాబాదులో విమానం శనివారం. అది తప్పితే ఆదివారంతో వీసా గడువు తీరి, ఉద్యోగం పోతుంది.

నేను నిబంధనలు చూస్తుంటే మా ఆయన పంచాంగం చూశారు. కోడలు బయల్దేరాల్సిన శుక్రవారం మంచిది కాదు, బుధవారం బాగుందన్నారు. అలాంటప్పుడు వెంట తీసుకెళ్లే వస్తువొకటి మంచిరోజున వేరే ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. దాన్ని పరస్థానం అంటాం. పెట్టినదాన్ని మళ్లీ ఇంటికి తేకూడదు, వెళ్తూ తీసుకోవాలి. నేను చీర ఒకటి పెట్టమన్నాను. ప్రయాణానికి ముఖ్యమైనదే పెట్టాలని ఆయన బుధవారం కోడలి పాస్‌పోర్టు ఉన్న చేతిసంచీ పట్టుకెళ్లి, ఎదురింటావిడకిచ్చి, కాఫీ తాగి వచ్చారు.

శుక్రవారం పొద్దున్న ఎదురింటి గేటుకి అడ్డంగా వెదురుకర్ర కట్టారు. ఆవిడ భర్తకి పాజిటివ్.

ముగ్గురం వీధరుగు మీద నిలబడిపోయాం. కోడలు మా ఆయన వైపు తిరిగింది. "మావయ్యగారూ, నాకన్నా ముందు నా పాస్‌పోర్టు క్వారంటైన్‌కి వెళ్లిందండీ."

నా భయం సంచీ గురించి కాదు. గడిచిన పద్నాలుగు రోజుల్లో పాజిటివ్ మనిషితో గాని, అతన్ని కలిసిన వారితో గాని ఉన్నారా అని అక్కడి ఫారంలో అడుగుతారు. కాఫీ తాగొచ్చిన మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. అబద్ధం రాయమని కోడలికి నేను చెప్పను.

గేటు దగ్గరున్న ఆరోగ్య కేంద్రం ఏఎన్ఎం గారికి, మావారు బుధవారం ఆ ఇంట్లో కాఫీ తాగొచ్చారని చెప్పి, మేం కాంటాక్టు కింద వస్తామా అని అడిగాను. ఆవిడ ఎదురింటావిడని కేకేసి, వాళ్లాయన ఇంటికి ఎప్పుడొచ్చారో చెప్పమన్నారు. కిటికీలోంచి జవాబు వచ్చింది. ధాన్యం పని మీద నెల్లాళ్లుగా రామచంద్రపురంలోనే ఉండి, గురువారం రాత్రి వచ్చేరట.

"మీవారు బుధవారం కదండీ వెళ్లింది?"

"ఆయ్, బుధవారమేనండి."

"అయితే మీరెవరూ కాంటాక్టు కింద రారండి. అమ్మాయిగారిని నిక్షేపంగా పంపండి."

నేను ఆగలేదు. విమానం వాళ్లకి ఫోను చేసి అదే అడిగాను, అదే చెప్పారు. అప్పుడు గాని కారు మాట్లాడలేదు.

సాయంత్రం కారు ఎదురింటి ముందు ఆగింది. ఏఎన్ఎం గారు గ్లౌజులు తొడుక్కుని, సంచీ తుడిచి, పిట్టగోడ మీద పెట్టారు. కోడలు తీసుకుని కారెక్కింది.

ఆదివారం అక్కడి క్వారంటైన్ హోటల్ గదిలోంచి ఫోను చేసింది. "ఎయిర్‌పోర్టులోంచి బయటికి వదిలేశారండి అత్తయ్యగారూ. గది బాగుంది. నిద్రొస్తోంది." ఎన్ని గంటలకు వదిలారో అడగబోయి మానేశాను. పడుకోమన్నాను.