నాలుగు వేళ్ళ చప్పుడు

అరకులో నా షెడ్డుకి బోర్డు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. రైల్వే గేటు దాటాక ఎవరినడిగినా "చెవి మేస్త్రీ షెడ్డేనా?" అని దారి చూపించేవారు. బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఇంజనుకి చెవి దగ్గరగా పెట్టి రెండు నిమిషాలు నిలబడితే చాలు, జబ్బేమిటో చెప్పేస్తానని నాకు పేరు. పేరు ఉత్తినే రాలేదు. పార్వతీపురంలో మా గురువు దగ్గర పదేళ్ళు తిట్లు తిని నేర్చుకున్న విద్య అది. కంప్యూటరు తగిలించి రోగం వెతికే షోరూం కుర్రాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. "మిషను చెప్తే గానీ జబ్బు తెలియనివాడూ ఒక డాక్టరేనా" అని పక్కనున్న టీకొట్టు దగ్గర అందరికీ వినపడేలా అనేవాణ్ణి. ఏ మాటైనా అందరికీ వినపడేలా అనడం నాకు అలవాటైపోయింది. ఎందుకు అలవాటైందో మాత్రం ఆలోచించలేదు.

యాభై ఐదు దాటాక రెండు విషయాల మీద నాకు గట్టి నమ్మకం ఏర్పడింది. మొదటిది, అరకులో కీచురాళ్ళు తగ్గిపోయాయని. ఒకప్పుడు సందె పడితే చెవులు గింగుర్లెత్తేవి, ఈ రిసార్టులూ లైట్లూ వచ్చాక పురుగూ పుట్రా పారిపోయాయని వచ్చిన ప్రతి టూరిస్టుకీ చెప్పేవాణ్ణి. పాపం, వాళ్ళు బుద్ధిగా తలూపేవారు. రెండోది, మా ఆవిడ గొణగడం నేర్చుకుందని. పెళ్ళైన కొత్తలో వసపిట్టలా వాగే మనిషి, ఇప్పుడేం చెప్పినా నోట్లో నోట్లోనే చెబుతోంది. "నోరు తెరిచి ఏడు! గొంతులో ముల్లు దిగిందా ఏటి?" అని కసిరేవాణ్ణి. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఆవిడకి తెలుసు. కొన్నాళ్ళు గట్టిగా చెప్పి చూసింది. తర్వాత మాట్లాడటమే తగ్గించేసింది. కంచం పెట్టేది, గ్లాసు పెట్టేది, వెళ్ళిపోయేది. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాను కూడా.

నాకు వినికిడి పోతోందని అప్పటికే తెలుసా అంటే, తెలుసనీ చెప్పలేను, తెలియదనీ చెప్పలేను. ఫోను మోగిందో లేదో జేబు మీద చెయ్యి పెట్టి అదురు చూసి తెలుసుకునేవాణ్ణి. బండి తెచ్చినవాళ్ళని పోలీసులా వంద ప్రశ్నలడిగేవాణ్ణి. జవాబులోంచే జబ్బు దొరికిపోయేది. ఆ తర్వాత ఇంజనుకి చెవి పెట్టడం చూసేవాళ్ళ కోసం. దాన్ని దాచుకోవడం అంటారని అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు.

అలాంటి రోజుల్లో, కార్తీకంలో చలి మొదలయ్యేటప్పుడు, ఆమె వచ్చింది. ఆమెది కొండ మీద ఊరు, షెడ్డుకి గంట ప్రయాణం. రాజ్మా, అల్లం, పిప్పళ్ళు పండిస్తుంది. పాత చిన్న కారొకటి కొనుక్కుని, వెనక సీటు పీకించేసి, బస్తాలు వేసుకుని తనే నడుపుకుంటూ సంతలకి తిరుగుతుంది. భర్త లేడు. ఇంట్లో తనూ ముసలి తల్లీ. రాజ్మా చేతికొచ్చే రోజులు, ఆ కారు ఆగితే ఆ ఇంటి ఏడాది కష్టం ఆగినట్టే.

"పొద్దున్నే స్టార్ట్ సేత్తే గలగలమంటంది మేస్త్రీ. ఆ సప్పుడు కాసేపుండి ఆగిపోతంది," అంది, ఎదురు కొండకి వినపడేంత గొంతుతో. కొండ మీద చిన్నాపెద్దా అందరూ 'నువ్వే', మా కింది ఊళ్ళవాళ్ళ 'అండీ'లతో వాళ్ళకి పనిలేదు.

గంటసేపు ఘాట్ దిగొచ్చిన ఇంజను కాలిపోతోంది. చెవి పెట్టాను. ఏటీ లేదన్నాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఏటీ లేదన్నాను. మూడోసారి వచ్చేసరికి టీకొట్టు దగ్గర జనం ఉన్నారు, నాకు ఒళ్ళు మండిపోయింది.

"సప్పుడు నీ బండిలో నేదమ్మా, నీ సెవిలో ఉంది. ముందెళ్ళి సెవుల డాక్టరుకి సూపించుకో," అన్నాను. అందరూ నవ్వారు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "అలాగైతే మా ఊరు రా. రేతిరికి అక్కడే తొంగో. తెల్లారి నాను స్టార్ట్ సేత్తాను, నువ్వే ఇను," అంది. అంతమంది ముందు పిలిస్తే రానని ఎలా అంటాను? పానాల సంచీ తీసుకుని కారెక్కాను.

సందెవేళకి వాళ్ళ ఊరు చేరాం. వాకిట్లో మంట వేశారు. ఆమె తల్లి చోడిపిండి అంబలి పోసింది, రాజ్మా కూర వేసింది. డెబ్బై దాటిన మనిషి, తెలుగు తక్కువ, నవ్వు ఎక్కువ. కడుపు నిండాక నాకు మాట్లాడాలనిపించింది. "ఇక్కడ రిసార్టుల్నేవు, లైట్లు నేవు. అయినా మీ ఊళ్ళోనూ కీసురాళ్ళు నేవే!" అన్నాను. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలామె వాళ్ళ భాషలో ఏదో అంది. కూతురు బదులు చెప్పకుండా నా గిన్నెలో ఇంకొంచెం అంబలి పోసింది. మర్యాద తెలిసిన మనుషులు అనుకున్నాను.

తెల్లారేసరికి పొగమంచు కమ్మేసి వాకిలి అవతల ఏమీ కనపడటం లేదు. ఆమె స్టీరింగు దగ్గర కూర్చుంది. నేను బానెట్ ఎత్తి, నా పద్ధతిలో కళ్ళు మూసుకుని చెవి పెట్టాను. తాళం తిప్పింది. ఇంజను గుడగుడమని అందుకుంది. ఆ గుడగుడ తప్ప ఇంకేమీ లేదు. నాకు లోపల ఎంత సంబరమో! ఏటీ లేదని నాలుగోసారి చెప్పడానికి నడుం ఎత్తి కళ్ళు తెరిచాను.

అరుగు మీద ముసలామె దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి పైకెత్తి ఒక్కొక్క వేలే విప్పుతోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అంతే, ఠక్కున పిడికిలి మూసేసింది. ఆమె నా వంక చూడటం లేదు. కారు వంక చూస్తోంది. చప్పుడు ఎంతసేపుందో లెక్కపెడుతోంది. ఆమె ఇరవై అడుగుల దూరంలో ఉంది. నా చెవి ఇంజనుకి జానెడు దూరంలో ఉంది.



"ఇనబడిందా మేస్త్రీ?" అంది కూతురు కారు లోపల్నుంచి.

"ఆఁ, ఇనబడింది. టైమింగ్ చైను," అన్నాను.

వినపడిందన్నది అబద్ధం. చైను అన్నది నిజం. ఇంజన్లో కింద తిరిగే ఇరుసునీ, పైన వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసునీ కలిపి తిప్పేది ఆ చైను. సైకిలు చైను లాంటిదే, కానీ ఇంజను లోపల నూనెలో ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. అది సాగిపోతే చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో వదులుగా కొట్టుకుంటుంది, నూనె ఎక్కి, చైనుని నొక్కిపట్టే టెన్షనర్ దాన్ని బిగించగానే ఊరుకుంటుంది. గంట ప్రయాణం చేసి నా షెడ్డుకొచ్చేసరికి ఇంకెక్కడి చప్పుడు? వేడి బండి ముందు చెవి పెట్టి మూడుసార్లు లేదన్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు నమ్మినా సరిపోయేది. అలా సాగిన చైను పళ్ళ మీంచి జారిందంటే వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుని ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. ఘాట్ మలుపులో, వెనక బస్తాలతో, ఇంజను ఆగాక తొక్కినా దిగనంతగా బ్రేకు బిగుసుకుపోయిన కారులో ఆమెని ఊహించుకున్నాను. నేను రెండుసార్లు అదే దారిన పంపించాను.

ఖాళీ కారుని మెల్లగా దింపి, షెడ్డుకి తెచ్చి పని మొదలుపెట్టాను. చైను విశాఖపట్నం నుంచి బస్సులో పార్సెల్ వచ్చింది. టెన్షనర్ స్టాకు లేదన్నారు. పాతది నొక్కి చూస్తే స్ప్రింగు బాగానే తంతోంది, చాల్లే అనుకున్నాను. ఫ్యాను బెల్టు, పుల్లీ, పైకవరు, ముందు కవరు అన్నీ విప్పి, పాత చైను తీసి మేకుకి తగిలించాను. పక్కనే కొత్తది తగిలించాను. పాతది అరలింకు పొడుగు. లింకు లింకుకీ ఉన్న పిన్ను వెంట్రుకవాసి అరిగింది, అవన్నీ కలిసి అంతైంది. ఏ రోజు సాగిందని అడిగితే ఎవరు చెప్పగలరు? దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఫోను మోత వినపడకుండా పోయింది ఏ రోజో, కీచురాళ్ళు పోయింది ఏ కార్తీకంలోనో, మా ఆవిడ గలగల ఆగింది ఎప్పుడో. గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ చిక్కలేదు.

కొత్త చైను మీది గుర్తుల్ని పళ్ళచక్రాల గుర్తులతో కలిపి ఎక్కించాను. పానాతో ఇంజన్ని చేత్తోనే రెండు చుట్లు తిప్పి చూశాను, ఎక్కడా తగల్లేదు. చేతులకి తెలిసే పని కాబట్టి ఏ అనుమానమూ లేదు. అన్నీ బిగించి, ఒకసారి స్టార్ట్ చేసి నూనె ఎక్కనిచ్చి, రాత్రికి చల్లారనిచ్చాను. మర్నాడు పొద్దున్నే మొదటి జీపులో ఆమె వచ్చింది. టీకొట్టు దగ్గర అప్పటికే నలుగురున్నారు.

తాళం నేనే తిప్పాను. ఇంజను అందుకుంది. గుడగుడ.

"పోయిందా మేస్త్రీ?"

పోయింది అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలిక చివర ఉంది. ముప్పై ఏళ్ళ పేరు దాని మీద కూర్చుని ఉంది. కానీ ముసలామె వేళ్ళు కళ్ళ ముందు కదిలాయి, ఘాట్ మలుపు కదిలింది. ఇంజను ఆపి, దిగాను.

"నాకు తెలవదమ్మా," అన్నాను. "నాకు ఇనబడదు. మీ ఊళ్ళోనూ ఇనబడనేదు. మీ యమ్మ సేతి యేళ్ళు సూసి సెప్పాను. పోయిందో నేదో నువ్వే సెప్పాల."

ఎప్పటిలా అందరికీ వినపడేలానే అన్నాను. టీకొట్టు దగ్గర గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ మనుషులు నవ్వారో లేదో నాకు తెలియదు.

"తెల్సు," అంది ఆమె. "మాయమ్మ ఆ సందేలే అంది. కీసురాళ్ళు సెవులు తినేత్తంటే నేవంటన్నాడు, పాపం ఈ మనిసికి ఇనబడదు అని."

"తెలిసీ నాకెందుకిచ్చావు బండి?"

"నీ సేతులు మంచియే కదా. సెవుల సంగతి నువ్వే సెప్తావేమోనని సూసాను." తర్వాత రెండు వేళ్ళు చూపించింది. "ఇంకా ఉంది మేస్త్రీ. ఇంతుంది."

రెండు వేళ్ళు. చాల్లే అనుకున్న పాత టెన్షనర్. మళ్ళీ అంతా విప్పాను. స్ప్రింగు బాగానే ఉంది, దాని పళ్ళు అరిగి చైను ఒత్తిడికి వెనక్కి జారుతోంది. పోయిందని నేను చెప్పి ఉంటే, ఈ చెవిటివాడితో ఇంక పనిలేదనుకుని ఆ రోజే బస్తాలతో ఘాట్ దిగేది. ఆ ముక్క చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు నిజంగా భయమేసింది. నేను చేసిన పనికి అంతగా భయపడింది అదే మొదలు.

వేరే ఊరి నుంచి తెప్పించిన కొత్త టెన్షనర్ రెండు రోజులకి వచ్చింది. బిగించి, చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున్నే ఆమెనే తాళం తిప్పమన్నాను. ఇంజన్ని చూడకుండా ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాను. కిటికీలోంచి పిడికిలి బయటకి పెట్టింది. ఇంజను అందుకుంది. పిడికిలి విప్పలేదు. చాలాసేపటి దాకా విప్పలేదు. తర్వాత ఆ చెయ్యి ఊపుతూనే గేటు దాటి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాను. మా ఆవిడ కంచం పెట్టింది, కూర వేసింది. నేను సగం తిన్నాక పక్కకొచ్చి నిలబడింది. పెదాలు కదిలాయి. నా జవాబు కోసం ఆగలేదు, ఆగడం ఎప్పుడో మానేసింది, వెనక్కి తిరిగింది.

"ఆగు," అన్నాను. "నాకు ఇనబడనేదు. మళ్ళీ సెప్పు."

తిరిగి చూసింది. తిట్టబోతున్నాననుకుంది కాబోలు, గరిటె రెండు చేతులా పట్టుకుంది.

"నువ్వు గొణగడం నేదే. ఎప్పుడూ గొణగనేదు. నా సెవులే పోయాయి. నీ మీద అరిసేను," అన్నాను.

ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. నా ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటే విడదీసి గట్టిగా చెప్పింది.

"మజ్జిగ ఎయ్యమంటారా, అన్నాను."

చెబుతుంటేనే కళ్ళ నిండా నీళ్ళొచ్చేశాయి, ఆవిడకీ నాకూ. ఆ పూట షెడ్డు తెరవలేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఎవరింట్లో పెళ్ళయింది, ఎవరి కోడలు నీళ్ళోసుకుంది, తనకి మోకాలు ఎన్నాళ్ళుగా నొప్పి, అన్నీ. కొన్ని మాటలు వినపడలేదు. వినపడని చోటల్లా చెయ్యెత్తి ఆపి, మళ్ళీ చెప్పించుకున్నాను.