అక్క ఇడుపు కాయితం నేను చదివిన తీరు

మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో స్తంభానికి అంటించిన పసుపుపచ్చ కాగితం ఒకటి చూసి ఆగిపోయాను. కోర్టుకు వెళ్లకుండానే విడాకులు, పెద్దల సమక్షంలో పరిష్కారం అని అచ్చువేసి ఉంది. పక్కన చేతులు జోడించిన పెద్దమనిషి బొమ్మ. ఎవరో సరిగ్గా ఆ ముఖం మీదే గుట్కా ఉమ్మి వెళ్లారు. బహిరంగ స్థలాల్లో ఉమ్మేవారంటే నాకు పరమ అసహ్యం. ఆ ఒక్క మనిషిని మాత్రం తప్పుపట్టడానికి మనసొప్పలేదు.

మా పెద్దనాన్న కూతురు, నాకు అక్క, నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. బావది అక్కడికి దగ్గరలోనే గోదాములో పని. ఇద్దరూ భువనగిరి వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చినవారే. బావకు అనుమానం ఎక్కువ. షిఫ్టు వదిలే వేళకు గేటు ఎదురుగా నిలబడి, అక్క ఎన్నింటికి బయటికి వచ్చిందో, పక్కన ఎవరు నడిచారో ఫోనులో రాసుకునేవాడు. ఇంటికి చేరాక ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూసేవాడు, ఎవరితో పంచుకు తిన్నదో తెలుస్తుందని. ఏడేళ్లు భరించి అక్క విడిపోతానంది. బావ కూడా సరేనన్నాడు. అక్క కోరింది ఒక్కటే: ఆరేళ్ల కూతురు తన దగ్గరే ఉండాలి.

మావాళ్లకు కోర్టు అన్న మాట వింటేనే భయం. కులపెద్దలు కూర్చుని, బాండు పేపరు మీద ఇడుపు కాయితం రాయించి, దాన్ని చదివి వినిపించి, సంతకాలు పెట్టిస్తే ఆ పెళ్లి తెగిపోయినట్టే లెక్క. చిల్కానగర్‌లోని కులసంఘం హాలులో పంచాయితీ పెట్టారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే కనుక రాతపని నాకు అప్పగించి, పెద్దమనుషుల వరుసలో కుర్చీ వేశారు. గుమ్మం దగ్గర నిలబడి నాన్న నన్నే చూస్తున్నాడు. ఆ కుర్చీలో నేను నిటారుగా కూర్చున్నాను.

పెద్దలకు భోజనాలు పెట్టడం ఇరుపక్షాల బాధ్యత. అక్క కాపురం గురించి వారు మాట్లాడింది గంటసేపు. మటన్‌లో ఉప్పు తక్కువైందని మాట్లాడింది అంతకన్నా ఎక్కువే. వారిలో ముఖ్యుడు, పీర్జాదిగూడలో సిమెంటు, ఇసుక అమ్మే ఆయన, మూలుగ బొక్కను పళ్లానికేసి కొడుతూనే, కంపెనీలో నీ పక్కన కూర్చునేది ఆడవాళ్లా మగవాళ్లా అని అక్కను అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా ఆయన ఫోనులో భజన మోగింది. రెండు లారీల ఇసుక సంగతి మాట్లాడి, మూతి తుడుచుకుని, "ఆఁ, సెప్పు బిడ్డా" అన్నాడు. పిల్ల తల్లి దగ్గరే ఉంటుందని నోటిమాటగా చెప్పి చివరకు ఆమెను సంతకానికి ఒప్పించారు.

ఆ తర్వాత ఆయన నన్ను చేతులు కడుక్కునే చోటికి పిలిచి ఒక వాక్యం చెప్పి రాయమన్నాడు. బిడ్డ మీద తల్లికి ఏ హక్కూ లేదు, తండ్రి కోరినప్పుడు అప్పగించవలెను. అక్క ఒప్పుకోదని నేనన్నాను. ఆయన పళ్ల సందున పుల్ల తిప్పుతూ నా భుజం మీద చెయ్యేశాడు.

"బిడ్డ ఎన్నటికైనా తండ్రింటిదే. సదివేటప్పుడు గా లైను ఇడిసిపెట్టు. ఇప్పుడింటె లొల్లి జేస్తది. తర్వాత మనమే సముదాయిద్దాం. సదువుకున్నోనివి, నీకు జెప్పాల్నా?"

నేను ఆ వాక్యాన్ని గుండ్రటి అక్షరాలతో రాశాను. చదివేటప్పుడు దాటేశాను. చివరన ఉన్న "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని, ఇష్టపూర్వకంగా చేసిన సంతకం" అన్న ముక్కను మాత్రం గొంతు సవరించుకుని మరీ చదివాను. అక్కకు తన పేరు రాయడం ఒక్కటే వచ్చు. రాసింది. అప్పటిదాకా బయటే ఉండి సిగరెట్టు తాగుతున్న బావను లోపలికి పిలిచి సంతకం పెట్టించారు. పెద్దమనుషుల వేళ్ల జిడ్డు ఆ కాగితం అంచుల మీద పసుపుమరకలై మిగిలింది.

నెల తిరగకముందే బావ ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్లి పిల్లను తీసుకుపోయాడు. అక్క టీచరమ్మతో నకలు చదివించుకుని మా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, నువ్వు సదివిన కాయితం, గిది, ఒక్కటేనా?"

నేను ఆ నకలు అందుకుని, దాటేసిన వాక్యం ఏదో వేలుపెట్టి చూపాను.

"ఆళ్లు గట్లనే ఉంటరని నాకెర్కనే. నిన్ను సూసి సంతకం జేసిన," అంది.

ఉచితంగా న్యాయసలహా ఇచ్చే ఒక కేంద్రానికి ఆమెను తీసుకువెళ్లాను. అక్కడి మధ్యవర్తి, నడివయసు వకీలమ్మ, ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు, బిడ్డ ఎవరిదో కూడా తేలదు అంది. ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పందానికి వస్తే కోర్టులో కొట్లాడే పని ఉండదని, ఆ ఒప్పందాన్ని జడ్జి ముందు పెట్టి ఉత్తర్వు తీసుకుంటే చాలునని వివరించి, బావకు కబురు పంపింది. చిన్న గదిలో మూడు మధ్యాహ్నాలు కూర్చోబెట్టింది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారిని నోరెత్తనివ్వలేదు. భోజనాల ప్రస్తావనే రాలేదు. మూడో రోజున బావ కాగితం చూపి, అందరి ముందూ ఒప్పుకున్నదే కదా అన్నాడు. నేను లేచి, ఆ వాక్యం నేను చదవలేదని చెప్పాను. దాన్ని దాటేయమని పెద్దమనిషి నాకు చెప్పిన సంగతీ, పిల్ల తల్లి దగ్గరేనని అక్కకు ఇచ్చిన నోటిమాటా చెప్పాను.

బావ మొదటిసారి అక్క ముఖంలోకి చూశాడు. "పిల్ల నీకొద్దన్నవని నాకు జెప్పిన్రు," అన్నాడు. "నువ్వు వద్దన్నవనే గద తీస్కపోయిన."

పిల్ల తల్లి దగ్గర, ఆదివారాలు తండ్రి దగ్గర అని ఆ సాయంత్రమే రాసుకున్నారు. వకీలమ్మ ఆ కాగితాన్ని ఇద్దరికీ రెండుసార్లు చదివి వినిపించింది. అప్పటికి అక్క కూతురు లేకుండా నలభై రోజులు గడిపింది.

ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇంటికి ఏ కాగితం వచ్చినా ఒక్కో మాట మీద వేలు పెట్టి తల్లికి చదివి వినిపిస్తుంది. నేను అక్కడే కూర్చుని ఉన్నా అక్క కాగితాన్ని నా వైపు చాపదు. టీ ఇస్తుంది, ఉద్యోగం సంగతి అడుగుతుంది, అంతే. ఆ వాక్యం చదవడానికి ఒక్క ఊపిరి పట్టేది. దాన్ని దాటేసి నేను మిగుల్చుకున్న ఆ కాస్త సమయం ఇన్నేళ్లు గడిచినా ఇంకా గడవడం లేదు.