జానిస్ పాస్క్‌కి పడ్డ ఓట్లు

చాపెల్ ఎండ్ అనే ఊళ్ళో బడి ముందర రోడ్డు ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. బంగాళాదుంపల లారీలు ఆ మలుపులో వేగం తగ్గించవు. అక్కడ పిల్లల్ని రోడ్డు దాటించే పని జానిస్ పాస్క్‌ది. పందొమ్మిదేళ్ళుగా పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట, మెరిసే పసుపు కోటు వేసుకుని, కర్రకి బిగించిన, 'ఆగు' అని రాసిన గుండ్రటి పలక పట్టుకుని నిలబడేది. అంతకుముందు అదే బడి వంటగదిలో పనిచేసింది. అరవై ఏడేళ్ళొచ్చాయి. భర్త లెన్ పొలాల నీటిని కాలువల్లోకి తోడే పంపుల దగ్గర పనిచేసేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా అంటే, "రోజూ నూట నలభై మందిని దాటిస్తున్నాను, ఇంకా ఎంతమంది కావాలి?" అనేది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో అలిస్టెర్ డన్నెట్ ఆమె ఇంటికి వచ్చాడు. పియానోలు శ్రుతి చేసే మనిషి. ఊళ్ళో తొమ్మిది మంది సభ్యులున్న ఒక పార్టీకి కార్యదర్శి.

"జానిస్, నీ పేరొకటి కావాలి," అన్నాడు, కోటైనా విప్పకుండా.

"నా పేరెందుకు? నీకు లేదా?"

"నా పేరు పక్క వార్డులో ఇచ్చేశాను. మా ఆవిడ పేరు ఆ పై వార్డులో ఇచ్చాను. మా కుక్క పేరు కూడా ఇచ్చేవాణ్ణే, దానికి వయసు చాల్లేదు."

జిల్లా కౌన్సిల్‌కి మే నెలలో ఎన్నికలు. చాపెల్ ఎండ్ వార్డుకి ఇరవై నాలుగేళ్ళుగా ఒకడే సభ్యుడు, రోలండ్ పాస్క్. లెన్‌కి పెదనాన్న కొడుకు. ఒకప్పుడు పశువుల సంతలో వేలం పాడేవాడు కాబట్టి, గొంతెత్తితే మూడు వీధులకి వినిపించేది. నాలుగేళ్ళకోసారి వచ్చే ఈ ఎన్నికల్లో కిందటి రెండుసార్లూ ఆయన మీద ఎవరూ నిలబడలేదు. పోటీ లేకపోతే ఎన్నికే ఉండదు. అలా పన్నెండేళ్ళుగా ఆ వార్డులో ఎవరూ జిల్లా ఓటు వెయ్యలేదు.

"అది బాగుందంటావా?" అన్నాడు అలిస్టెర్. "జనానికి ఒక కాగితం చేతికి రావాలి, దాని మీద రెండు పేర్లుండాలి. నేనడిగేది అంతే."

"నేను గెలవను కదా?"

"ఎలా గెలుస్తావు, అక్కడున్నది రోలండ్!"

ఆ మాట నమ్మి సంతకం పెట్టింది. పెట్టాక మనసాగక రోలండ్ ఇంటికి వెళ్ళింది. లెన్ ఆఖరి రోజుల్లో ఐదు వారాలపాటు రోజూ ఆమెని తన కారులో ఆసుపత్రికి తీసుకువెళ్ళింది ఆయనే. ఆయనకి తెలియకుండా ఇలాంటిది చెయ్యడం ఆమెకి సాధ్యం కాదు. రోలండ్ విని పగలబడి నవ్వాడు. "మంచిదే! ఉత్తి పుణ్యానికి గెలిచానన్న పేరు తప్పుతుంది," అన్నాడు. ఆయన భార్య సిల్వియా టీ పోస్తూ, "ఇద్దరూ పాస్కులే. జనం తికమక పడరూ?" అంది. ఇద్దరూ ఆ మాట పట్టించుకోలేదు.

ప్రచారమంటూ జానిస్ ఏమీ చెయ్యలేదు. అలిస్టెర్ ఒక కరపత్రం అచ్చు వేయించి ఇళ్ళ తలుపుల సందుల్లో వేశాడు. అందులో ఆమె ఫొటో పసుపు కోటుతోనే ఉంది. మర్నాటి నుంచి పిల్లల్ని వదలడానికి వచ్చిన తల్లులు రోడ్డు పక్కన ఆగడం మొదలుపెట్టారు.

"జానిస్, మా వీధిలో గుంత చూశావా? స్నానం చెయ్యొచ్చు అందులో."

జానిస్ ఆ సంగతి అలిస్టెర్‌కి చెప్పింది. రోడ్లు జిల్లాకి పైనున్న కౌంటీవి, జిల్లావి కావు అన్నాడు. మరి శ్మశానం గోడ? అది పారిష్‌ది, అంటే ఊరి చిన్న కౌన్సిల్‌ది. బస్సు ఆగే చోట బెంచీ? అది అలిస్టెర్‌కీ తెలియదు. జిల్లాది ఏమిటని అడిగితే చెత్త డబ్బాలు, ఇళ్ళ కట్టడాల అనుమతులు, ఈత కొలను అన్నాడు. ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళుగా తను నిలబడుతున్న రోడ్డు ఒకరిది, దాని పక్కన చెత్త డబ్బా ఇంకొకరిది, ఆ పక్క బెంచీ ఎవరిదో ఎవరికీ తెలియదు!

"మా ఓటు నీకే," అనేవారు కొందరు.

"వద్దమ్మా వద్దు. రోలండ్‌కి వెయ్యి. ఆయనకి అన్నీ తెలుసు," అనేది జానిస్ కంగారుగా. అది ఆమె వినయం అనుకుని, వాళ్ళు ఇంకా గట్టిగా వేస్తామనేవారు.

మే మొదటి గురువారం, ఓట్ల రోజు. చాపెల్ హాలు బయట కంచెకి రెండు కుక్కలు కట్టేసి ఉన్నాయి. లోపల బల్ల వెనక పోస్టాఫీసు డోరీన్ కూర్చుంది.

"ఫొటో ఉన్న కార్డు చూపించు."

"డోరీన్, పొద్దునేగా నీ మనవరాలిని రోడ్డు దాటించాను."

"తెలుసులే. అయినా చూపించాలి. కొత్త రూలు."

జానిస్ వృద్ధుల బస్సు పాసు చూపించి, కాగితం తీసుకుని చెక్క అరలోకి వెళ్ళింది. కాగితం మీద రెండే పేర్లు. పైన పాస్క్, జానిస్. కింద పాస్క్, రోలండ్. తన పేరు అచ్చులో చూసేసరికి ఆమెకి చెవులు వేడెక్కాయి. తనకి తను ఓటు వేసుకోవడం ఎంత సిగ్గుచేటు అనుకుంది. ఎప్పటిలాగే రోలండ్‌కి వెయ్యాలనుకుంది. దారానికి కట్టిన పెన్సిల్ పట్టుకుని గబగబా గుర్తు పెట్టి, కాగితం మడిచి, పెట్టెలో వేసి, పిల్లల వేళయిందని పరుగున వెళ్ళిపోయింది.

లెక్కింపు మర్నాడు పొద్దున, ఈత కొలను పక్కనున్న బ్యాడ్మింటన్ హాలులో. బడి దగ్గర పని ముగించుకుని కోటుతోనే వచ్చింది. ఈ కాసేపూ ఉంటే చాలు, తర్వాత ఇంటికెళ్ళి తోటపని చూసుకుందామనుకుంది. పొడుగాటి బల్లల మీద కాగితాలు రెండు వరసలుగా పెరుగుతున్నాయి. ఒక వరసలోంచి ఇంకో వరసలోకి చూపు తిప్పుతూ అలిస్టెర్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

మొదటి లెక్కలో రోలండ్ రెండు ఓట్లతో ముందున్నాడు. అలిస్టెర్ మళ్ళీ లెక్కించమన్నాడు. రెండు కట్టల్లో తేడా దొరికింది. ఈసారి జానిస్ ఒక ఓటుతో ముందుంది. రోలండ్ మళ్ళీ లెక్కించమన్నాడు. మూడోసారి కూడా అంతే. జానిస్‌కి నాలుగువందల పన్నెండు, రోలండ్‌కి నాలుగువందల పదకొండు.

చెల్లని కాగితాలు ఏడున్నాయి. ఎన్నికల అధికారి వాటిని ఒక్కొక్కటే ఇద్దరికీ చూపించాడు. రెండు ఖాళీవి. నాలుగింటిలో ఇద్దరి పేర్ల ఎదురుగానూ గుర్తు పెట్టారు. ఒక దాని మీద వంకర అక్షరాలతో, "ఏ పాస్క్ అయినా ఫరవాలేదు" అని రాసి ఉంది.

రోలండ్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత జానిస్ చెయ్యి పట్టుకుని ఊపి, "అభినందనలు," అన్నాడు. ఆ పెద్ద గొంతు ఆ పూట పక్కనున్న వాళ్ళకి కూడా సరిగా వినిపించలేదు. సిల్వియా చేతిసంచీ తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

అలిస్టెర్ ఎగిరి గంతేస్తుంటే జానిస్ అతని చొక్కా పట్టుకుంది. "గెలవనన్నావు కదా!"

"అన్నాను," అన్నాడతను, కళ్ళు తుడుచుకుంటూ. "ఒట్టు, నిజంగా అనుకునే అన్నాను."

ఆ శని ఆదివారాలు ఆమె కనబడిన వాళ్ళందరినీ ఓటు ఎవరికి వేశారని అడిగింది. మాంసం కొట్టు కెన్నెత్ తల గోక్కుంటూ, "పాస్క్ అని చూశాను, గుర్తు పెట్టేశాను. ఎప్పుడూ చేసేది అదేగా. నువ్వు కూడా ఉన్నావని ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పింది," అన్నాడు. అయితే ఇవన్నీ రోలండ్ ఓట్లే అనుకుంది జానిస్. పది అడుగులు నడిచేసరికి కవలపిల్లల తల్లి ఎదురొచ్చి, "మా ఇంట్లో రెండు ఓట్లూ నీకే. మా ఆయన ఎనిమిదో ఏట బంగాళాదుంపల లారీ కింద పడాల్సింది. పలక అడ్డం పెట్టి ఆపింది నువ్వే కదా," అంది. అయితే ఇవి నావేనా అనుకుంది. ఇంకొకాయన, ఆమె చెప్పిందని రోలండ్‌కే వేశానన్నాడు. అడిగినకొద్దీ అయోమయం పెరిగింది.

ఆదివారం సాయంత్రం గిన్నెలు కడుగుతుండగా ఆమె చేతులు ఆగిపోయాయి. చెక్క అరలో తను పెట్టిన గుర్తు పైన పెట్టిందా, కింద పెట్టిందా? రోలండ్‌కి వెయ్యాలనుకున్న సంగతి గుర్తుంది. పాస్క్ అన్న అక్షరాలు గుర్తున్నాయి. పెన్సిల్ మొద్దుగా ఉండటం గుర్తుంది. చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. కెన్నెత్ చేసిందే తనూ చేసి ఉంటే, ఆ ఒక్క ఓటూ తన చేతి పొరపాటే. అలా కాకుండా రోలండ్‌కే వేసి ఉంటే, తను వద్దన్నా ఊరు తనని కావాలనుకున్నట్టు. ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పగల మనిషి లోకంలో తనొక్కతే. తనకే తెలియదు.

సోమవారం బడి దగ్గర రెండు పూటల పని మధ్యలో కౌన్సిల్ ఆఫీసుకి బస్సెక్కింది. అక్కడ మిస్ ఫారంట్ అనే అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"దీన్ని తిరిగి ఇచ్చెయ్యొచ్చా, అమ్మాయ్?"

"దేన్నండీ?"

"సీటుని. రోలండ్‌కి."

మిస్ ఫారంట్ నవ్వకుండా ఉండటానికి కష్టపడింది. "అలా ఇవ్వడానికి లేదండీ. రెండు నెలల్లో మీరు అంగీకార పత్రం మీద సంతకం చెయ్యాలి. చెయ్యకపోతే సీటు ఖాళీ అవుతుంది, మళ్ళీ ఎన్నిక పెట్టాలి. ఆయన కావాలంటే అందులో నిలబడవచ్చు."

అది దారిగానే తోచింది. ఆ సాయంత్రమే రోలండ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన పెరట్లో గాజు గదిలో టమాటా మొక్కలకి పుల్లలు కడుతున్నాడు. సిల్వియా వంటింటి కిటికీలోంచి ఒకసారి చూసి తెర లాగేసింది.

"నేను సంతకం పెట్టను, రోలండ్. మళ్ళీ ఎన్నిక వస్తుంది. మీరు నిలబడండి. నేను ఇల్లిల్లూ తిరిగి మీకే వెయ్యమని చెబుతాను."

"ఆ పని మాత్రం చెయ్యకు," అన్నాడు రోలండ్ తల తిప్పకుండా.

"ఎందుకని? అందరూ పేరు చూసి పొరబడ్డారు. అది మీకూ తెలుసు."

"అందరూ నాతో అదే అంటున్నారు. మాంసం కొట్టులో అన్నారు, చర్చిలో అన్నారు. పొరపాటైపోయింది రోలండ్, మా మనసులో నువ్వే ఉన్నావు అని." ఆయన దారం తెంపి ముడి వేశాడు. "జానిస్, నువ్వు సంతకం పెట్టకపోతే నేను మళ్ళీ నిలబడాలి. కాగితం మీద ఒక్క పాస్కే ఉంటాడు. అప్పుడు కూడా ఓడిపోయాననుకో, ఆ తర్వాత నేనేం చెప్పుకోను?"

ఓడిపోతానన్న భయం రోలండ్‌కి ఉంటుందని జానిస్‌కి ఎప్పుడూ తోచలేదు.

"పన్నెండేళ్ళయింది నన్నెవరూ ఎన్నుకుని," అన్నాడాయన. "ఎదురు లేదంటే జనానికి నేనంటే ఇష్టమనుకున్నాను. ఇప్పుడు నిజం ఏమిటో తెలుసుకోవాలని లేదు. పొరపాటనే ఉండనీ. నువ్వెళ్ళి సంతకం పెట్టు."

"నాకేమీ తెలియదు కదా!"

"నాకు మాత్రం మొదట్లో ఏం తెలుసు? మొదటి సమావేశంలో తప్పు గదిలో కూర్చుని గంటసేపు విన్నాను. అది నీటి కుక్కల సంరక్షణ సంఘం. బాగానే ఉంది."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. రోలండ్ ఒక టమాటా మొక్క కుండీతో సహా ఆమె చేతిలో పెట్టాడు.

జూన్ ఆఖరి వారంలో జానిస్ సంతకం పెట్టింది. మొదటి సమావేశానికి రెండు వందల పేజీల కాగితాలు వచ్చాయి. చదివిన పేజీ చదవనట్టూ, చదవని పేజీ చదివినట్టూ అనిపించేవి. మొదటిసారి చెయ్యెత్తినప్పుడు దేనికి ఎత్తిందో ఆమెకి తెలియదు. పక్కనున్నాయన ఎత్తాడు, ఎత్తింది. అది టీ విరామం కోసమని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం, బడి వదిలే వేళకి ముందు, కాగితాల కట్ట పట్టుకుని గాజు గదికి వెళ్ళేది. "ఇది చదవక్కర్లేదు. ఇది తప్పకుండా చదువు. ఇది రాసినవాడికే అర్థం కాలేదు," అని రోలండ్ వేరుచేసి ఇచ్చేవాడు. ఇన్నేళ్ళుగా తనకి ఏం తెలుసో రోలండ్‌కి కూడా అలా వేరుచేస్తుంటేనే తెలిసింది. వంటింటి తెర మాత్రం తెరుచుకోలేదు. సిల్వియా ఆ వేసవంతా వీధిలో జానిస్ ఎదురైతే అవతలి వైపుకి మారిపోయేది.

నవంబరులో ఒక పొద్దున, సన్నటి వాన పడుతోంది. పిల్లలందరూ లోపలికి వెళ్ళిపోయారు. జానిస్ పలక మీది నీళ్ళు దులుపుతుంటే గొడుగు కింద సిల్వియా నడిచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"కౌన్సిలర్ గారూ," అంది.

అది వెటకారమో, మర్యాదో ఆ గొంతులో తెలియలేదు. జానిస్ పలక దించింది.

"మా పక్కింటివాడు మేడ మీద ఇంకో అంతస్తు వెయ్యబోతున్నాడు. కిటికీ సరిగ్గా మా వంటింట్లోకి పెడుతున్నాడు. నేను గిన్నె తోముకుంటే వాడికి కనిపించాలా? రోలండ్‌ని అడిగితే, ఇప్పుడు నన్నడక్కు, ఆవిడనడుగు అన్నాడు." సిల్వియా ఒక క్షణం ఆగింది. "ఇది ఎవరిది? కౌంటీదా, పారిష్‌దా?"

"జిల్లాది," అంది జానిస్. అంత గట్టిగా, అంత వెంటనే తన నోటి నుంచి జవాబు రావడం ఆమెకే కొత్తగా అనిపించింది. "కచ్చితంగా జిల్లాదే. అనుమతి నోటీసు అంటించిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. ఎప్పుడంటించారు?"

"మంగళవారం."

"అయితే వేళుంది. వచ్చి చూస్తాను. పదింటికి రానా?"

సిల్వియా ఆలోచించింది. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "పదిన్నరకి రా. పదింటికి ఓవెన్‌లో కేకు ఉంటుంది," అని వెనక్కి తిరిగింది.

ఆ కేకు తనకోసమా, తను వస్తానన్న వేళని వెనక్కి నెట్టడానికా అన్నది జానిస్‌కి అర్థం కాలేదు. పిలిచి అడుగుదామనుకునేలోగా సిల్వియా మలుపు తిరిగిపోయింది. జానిస్ కోటు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వాన పడకుండా పలక కింద పెట్టుకుని, "సిల్వియా, కిటికీ, పదిన్నర" అని రాసుకుంది.