స్టేషను అక్కర్లేని ఆట

గుణదల కొండకు పోయే దారిలో రవికలు కుట్టే తెరేసమ్మ ఇంట్లో ఒక ఇనప బీరువా ఉండేది. దాని పై అరలో మూడు అట్టపెట్టెలు తప్ప మరేమీ పెట్టనిచ్చేది కాదు ఆవిడ. అమెరికాలో జనం టీవీకి తగిలించుకుని ఆడుకునే ఆటపెట్టెలవి. ఎటొచ్చీ చిక్కల్లా ఒక్కటే. ఇది డెబ్భై ఏడు నాటి మాట. అప్పటికి తెరేసమ్మ ఇంట్లోనే కాదు, గుణదల మొత్తం గాలించినా ఒక్క టీవీ లేదు.

నలభై ఏళ్ళ మనిషికి ఆటలేమిటని అడిగేవాళ్ళకు తెరేసమ్మ సంగతి తెలియదు. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో వాడకట్టులోని ముసలమ్మలందరినీ ఓడించి తిట్లు తిన్న ఘటం ఆవిడ. కొత్త ఆట ఉందని చెవిన పడితే అది నేర్చుకునేదాకా అన్నం సహించేది కాదు. తమ్ముడు లాజరు ఓడలో వంటవాడు. ఎక్కడెక్కడ తిరిగినా ఏటా ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు ఇల్లు చేరేవాడు. మొదట్లో అక్కకని సెంటుబుడ్లూ నైలాను చీరలూ తెచ్చాడు. చీరలు బెజవాడలో దొరకవా, అక్కడ ఏవైనా కొత్త ఆటలొస్తే అవి పట్టుకురారా అంది తెరేసమ్మ.

అలా వచ్చింది మొదటి పెట్టె. టీవీ అద్దానికి అంటించే రంగు కాగితాలు, పాచికలు, పేకముక్కలు, ఉత్తుత్తి నోట్లు కూడా ఉన్నాయందులో. టీవీ లేకపోయినా పాచికలతోనూ ముక్కలతోనూ ఏదో ఒక ఆట కల్పించి ఇరుగుపొరుగుతో నెలల తరబడి ఆడింది. దీని తర్వాతది వచ్చిందా అని మరుసటి ఏడు అడిగింది. ఇంకా రాలేదన్నాడు. ఆ పై ఏడు కూడా అడిగింది. చివరికి రెండోది వచ్చింది, దాని వెనకే మూడోది. వస్తువులు పోగేసేవాళ్ళ జబ్బు ఇలాగే ముదురుతుంది. ఒకటుంటే ముచ్చట, రెండుంటే పోలిక, మూడోది వచ్చాక వరస మొదలవుతుంది. వరస మొదలయ్యాక ఆ మనిషిని పట్టడం ఎవరితరమూ కాదు.

వీధివీధంతా నవ్వింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని రవికల కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళు మొహం మీదే అనేవాళ్ళు. తెరేసమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేది కాబట్టి జవాబు చెప్పేది కాదు. అదే ఇంట్లో ఉండే లాజరు భార్య రూతు ఊరుకునే రకం కాదు. సముద్రాలు దాటి తెచ్చినవి బీరువాలో దుమ్ము కొట్టుకుపోతున్నాయనీ, పిల్లల దుప్పట్లకు మాత్రం చోటు లేదనీ మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. లాజరుకూ నిజమేననిపించింది. ఆ ఏడు ఉత్సవాలు ముగిసి ఓడ ఎక్కబోతూ, బట్టలు సర్దుకుంటూ చెప్పాడు.

"అక్కా, నేను మళ్ళీ వచ్చేలోగా వీటిల్లో ఒక్కటన్నా ఎలిగిందా సరే. లేదంటే మూడూ మద్రాసు పట్టుకెళ్ళి ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను. నువ్వు అడ్డం రాకూడదు."

తెరేసమ్మ అడ్డం రానని మాట ఇచ్చింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. అందుకే ఆ రోజు నుంచి ఆవిడకు మనశ్శాంతి లేదు.

టీవీ జాడ చెప్పింది రావమ్మ. ఆవిడ పుట్టిల్లు గుణదల, అత్తవారిది హనుమాన్ జంక్షన్. పుట్టింటికి వచ్చినప్పుడల్లా రవికలు తెరేసమ్మ దగ్గరే కుట్టించుకునేది. ఆవిడ భర్త బసవపున్నయ్య బియ్యం మిల్లు ఆసామి. మద్రాసులో టీవీ స్టేషను పెట్టారని విని, అంతకుముందు ఏడే అక్కణ్ణుంచి ఒక టీవీ కొనుక్కొచ్చాడు. మిల్లు గొట్టం కన్నా ఎత్తుగా యాంటెనా స్తంభం పాతించి, జంక్షన్లో పెద్దమనుషులందరినీ పిలిచి, కాఫీలిచ్చి టీవీ పెట్టాడు. ఈగలు ముసిరినట్టు చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. అప్పట్నుంచి టీ కొట్టు దగ్గర కూర్చున్న ప్రతివాడూ "స్టేషను వచ్చిందా అండీ" అని పలకరించేవాడే. ఆయన స్తంభం పీకించి, టీవీ మీద ముఖమల్ గుడ్డ కప్పించి, ఇంట్లో ఆ పేరు ఎత్తవద్దన్నాడు.

అలాంటి ఇంటికి తెరేసమ్మ పెట్టెలు మూట కట్టుకుని బస్సెక్కింది. పుండు మీద కారం చల్లినట్టయింది బసవపున్నయ్యకు. మర్యాదస్తుడు కనుక కసురుకోలేదు గానీ, స్టేషను వచ్చినప్పుడు చూద్దాంలే అని పంపేశాడు. రెండోసారి వెళితే వసారాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, తాను దొడ్డిదారిన మిల్లుకు వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక తెరేసమ్మ ఏడ్చింది. రూతు చూస్తుందేమోనని కుట్టుమిషను తొక్కుతూ ఏడ్చింది. రెండు రోజులాగి మళ్ళీ మూట కట్టింది.

మూడోసారి జనవరిలో వెళ్ళింది. ఉత్సవాలు దగ్గరికొచ్చాయి, లాజరు దారిలో ఉన్నాడు. ఈసారి వసారాలో కూర్చోలేదు. మిల్లుకు వెళ్ళబోతున్న బసవపున్నయ్యకు గుమ్మంలోనే ఎదురు నిలబడింది.

"అయ్యగారూ, మీ టీవీలో ఏ లోపమూ లేదండి. స్టేషను దూరమైంది, అంతే. దీనికి స్టేషను అక్కర్లేదు. ఆట పెట్టెలోనే ఉంది. మీ టీవీ అద్దమిస్తే చాలు."

స్టేషను లేకుండా బొమ్మ ఎలా వస్తుందన్నాడాయన. రాకపోతే మళ్ళీ ఊరంతా నవ్వుతుందనేదే ఆయన భయం. ఆ మాట పైకి అనలేక చెప్పులు తొడుక్కున్నాడు.

"తలుపులేసుకుందాం. ఎవరికీ తెలీదు," అంది లోపల్నుంచి రావమ్మ. "రోజూ దుమ్ము దులిపేది నేను. ఒక్కసారి ఎలిగితే చూడాలనుందండీ నాకు."

బసవపున్నయ్య చెప్పులు విడిచాడు.

తలుపులు వేశారు. ముఖమల్ గుడ్డ తీశారు. పెట్టెతో వచ్చిన కాగితంలోని బొమ్మ చూసుకుంటూ, టీవీ వెనక ఇదివరకు స్తంభం తీగ బిగించిన రెండు మరలకే మొదటి పెట్టె తీగ బిగించింది తెరేసమ్మ. ఏమీ రాలేదు. పెట్టె అడుగు విప్పి చూస్తే, ఆడే రోజు ఎప్పుడొస్తుందోనని ఆవిడ ఏనాడో వేసి ఉంచిన సెల్లులు కారి, లోపల తీగలన్నీ తినేశాయి. అన్నిటికన్నా ఇష్టమైనది అదే. దాన్ని పక్కన పెట్టి, రెండోదానిలో కొత్త సెల్లులు వేసి బిగించింది. తెల్లగీతలు పైకి పరుగెత్తడం మొదలుపెట్టాయి. "నే చెప్పలా," అన్నాడు బసవపున్నయ్య. తెరేసమ్మ వినిపించుకోలేదు. సూదిలో దారమెక్కించేంత ఓపికతో టీవీ వెనక బొమ్మను సరిచేసే బిరడాలు ఒక్కొక్కటే, అటు కాస్తా ఇటు కాస్తా తిప్పింది. గీతలు నెమ్మదించాయి. నిలబడ్డాయి.

నల్లటి అద్దం మీద అటొక కర్ర, ఇటొక కర్ర, మధ్యలో ఒక చుక్క.

"ఇంతేనా?" అన్నాడు బసవపున్నయ్య. సినిమాలాంటిదేదో వస్తుందనుకున్నాడు పాపం.

పెట్టెకున్న రెండు మీటల్లో ఒకటి రావమ్మకు అప్పగించి, రెండోది తను పట్టుకుంది తెరేసమ్మ. అంతలో చుక్క రావమ్మ కర్ర వైపు కదిలింది. ఆవిడ బెదిరి చేతిలోని మీట తిప్పింది. కర్ర లేచి చుక్కను కొట్టింది. పెట్టె టక్కుమంది. చుక్క తిరిగి తెరేసమ్మ వైపు వచ్చింది. ఆవిడ కొట్టింది. ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు కొంగులు బిగించి, పళ్ళ బిగువున ఆడారు. కాసేపటికి బసవపున్నయ్య కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఎవరిది తప్పో తీర్పులు చెప్పసాగాడు. మిల్లు నుంచి మనిషి వచ్చి తలుపు కొడితే తర్వాత రమ్మన్నాడు. తెరేసమ్మ గెలిచింది. ఇన్నేళ్ళ ఎగతాళీ ఆ టక్కుటక్కుల్లో కొట్టుకుపోయింది. ఆనందం పట్టలేక రావమ్మను వాటేసుకుంది.

ఉత్సవాలకు లాజరు వచ్చాడు. తెరేసమ్మ ఒక్క ముక్క చెప్పలేదు. జనం తగ్గాక, మద్రాసుకే అన్నట్టు మూట కట్టించి జంక్షన్ బస్సెక్కించింది. అక్కడ రావమ్మ చేతిలో లాజరు చిత్తుగా ఓడిపోయాడు. మూడింటినీ ఒళ్ళో పెట్టుకుని సముద్రాలు దాటించిన మనిషి, అవి వెలిగితే ఎలా ఉంటాయో తనూ ఎన్నడూ చూడలేదు.

తిరుగు బస్సులో అసలు సంగతి బయటపెట్టాడు. ఈసారి అమెరికాలో కొత్తరకం పెట్టె వచ్చింది. బిళ్ళ మారిస్తే ఆట మారుతుంది, ఒక్క పెట్టెలో ఎన్ని ఆటలైనా ఆడొచ్చు. అంగట్లో చేతిలోకి తీసుకుని కూడా, వెలగని వాటికి తోడు ఇంకోటెందుకని పెట్టేశాడు.

తెరేసమ్మకు తమ్ముడి మీద కోపం రాలేదు గానీ, ఆ పెట్టె కోసం మాత్రం కన్నబిడ్డ తప్పిపోయినంత దుఃఖం వచ్చింది.

"వచ్చే ఏడు సరికొత్తది తెస్తాలే అక్కా," అన్నాడు లాజరు.

"వచ్చే ఏటిది ఎలాగూ తెస్తావు. ముందు దీన్ని తే."

"అప్పటికది పాతదైపోద్ది. అంగళ్ళలో ఉంచరు."

"ఎవరింట్లోనో ఉంటదిగా. తలుపు కొట్టి అడుగు. ఇయ్యనంటే మళ్ళీ ఎళ్ళు. నేను మూడుసార్లు ఎళ్ళలా?"

అమెరికాలో ఏ ఊళ్ళో, ఏ తలుపు కొట్టాలో లాజరుకు తెలియదు. అయినా సరేనన్నాడు.