నీళ్ళలో దిగాక బిగించిన బోల్టులు

ఇది 2022 వేసవి మాట. నేను జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఉంటాను. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. ఐదో తరగతి దాకా చదివాను. ఇంత రాయడం ఇదే మొదటిసారి. అందుకే నాకు బాగా తెలిసిన పనిలో నేను చేసిన తప్పు గురించే రాస్తున్నాను.

మా తోడల్లుడు వీర్రాజుది కాకినాడ అవతల పడవలు కట్టే చిన్న ఊరు. పాత పడవ పాడైపోయి కొత్తది కట్టిస్తున్నాడు. ఇంజను బిగించే మనిషికి కాలు విరిగింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో వేట నిషేధం ఉంటుంది. అది ఎత్తేసిన రోజు అందరితోపాటు వెళ్ళకపోతే ఏడాదిలో మంచి వేట పోయినట్టే. "నువ్వొచ్చి బిగించన్నయ్యా" అని ఫోన్ చేశాడు. నెలన్నర సెలవు పెట్టి వెళ్ళాను.

ఏటి గట్టున దిమ్మల మీద నిలబెట్టిన ఆ పడవ మా క్వార్టర్ కన్నా ఎత్తుగా ఉంది. అంత మందం పలకలు ముక్కు దగ్గర అరటి దొప్పల్లా వంగి ఉన్నాయి. డ్రాయింగ్ ఏదని అడిగితే, డెబ్బై దాటిన అప్పారావు మేస్త్రి కొలతలకి గాట్లు పెట్టిన వెదురు బద్ద ఒకటి చేతికిచ్చాడు.

"ఇదేటి తాతా?"

"పడవండి బాబూ."

అంతే. మా దగ్గర చిన్న బ్రాకెట్ చెయ్యాలన్నా మూడు కాగితాలు కావాలి.

పడవ పక్కనే పాకలో ఉన్నాను. రోజూ పలకల సందుల్లో నూలు దట్టించే సుత్తి చప్పుడుకి మెలకువ వచ్చేది. ఒకరోజు పడవ లోపల నీళ్ళు పోసి, బయట ఎక్కడ చెమర్చితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టారు. ఆ రోజు నేను నా పని మానేసి చూస్తూ కూర్చున్నాను.

నా పని అలైన్‌మెంట్. ఇంజనూ, నీళ్ళలో పంకా తిప్పే షాఫ్టూ ఒకే గీతలో ఉండాలి. రెండూ కలిసే చోట ఎదురెదురుగా రెండు ఇనుప బిళ్ళలుంటాయి, కప్లింగ్ అంటాం. వాటి మధ్య సందు చుట్టూ సమానంగా ఉందో లేదో ఫీలర్ గేజ్ అనే పల్చటి రేకులతో చూస్తాం. మూడు రోజులు కష్టపడి, ఒంటి వేలితో షాఫ్టు తిరిగేలా చేశాను.

మేస్త్రి వచ్చి చూశాడు. "బాగుందండి. కానీ ఇప్పుడే బిగించేయకండి. ఇదింకా పడవ అవ్వలేదండి."

"ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేత్తన్నాను తాతా. నేను బిగించిన మిషను కదిలితే మావోళ్ళు గేట్లోకి రానివ్వరు."

"ఆయ్, మీ మిషన్లు నేల మీదుంటాయి కదండీ" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేను బోల్టులన్నీ బిగించేశాను.

నిషేధం ఎత్తేయడానికి నాలుగు రోజుల ముందు పడవను దించారు. ఊరంతా మోకులు పట్టింది. దుంగల మీద మూలుగుతూ కదిలిన అంత బరువూ నీళ్ళు తగలగానే తేలిగ్గా తల ఊపింది. ఉక్కు కరిగి పారడం రోజూ చూసేవాణ్ణి. అయినా చేతిలో మోకు వదలడం మర్చిపోయాను.

మర్నాడు షాఫ్టు మీద వేలు పెట్టాను. కదల్లేదు. రెండు చేతులా పట్టినా కదల్లేదు. కప్లింగ్ కింది వైపు మూడు రేకులు కలిపి పెట్టినా దూరిపోయాయి. వీర్రాజుని వెంటబెట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"తప్పు చేసేను తాతా. బిగించేసేను."

"తెలుసండి. గట్టు మీద దాన్ని దిమ్మలు మోసేయి. ఇప్పుడు నీళ్ళు మోత్తన్నాయి. ఒళ్ళు సర్దుకుంటదండి, చెక్క కదా."

"మరిప్పుడేటి సెయ్యాలి?"

"బోల్టులు వదులు చేసి కూర్చోండి. నీళ్ళు తాగనివ్వండి."

"మూడు రోజుల్లో వేట పెట్టుకుని, ఇది తాగుతుంటే ఊరుకోవాలా?" అన్నాడు వీర్రాజు.

"నువ్వు తాగొత్తే మీ ఆవిడ ఊరుకోట్లేదేంట్రా?" అన్నాడు మేస్త్రి.

రెండు గంటలకోసారి కొలిచాను. పలకలు ఉబ్బే కొద్దీ సందు మారుతూనే ఉంది. మూడో రోజు పొద్దున ఆగింది. అప్పుడు మేస్త్రి వలలూ, ఐసూ, డీజిలూ ఎక్కించాడు. వేటకెళ్ళే ఆరుగురినీ సముద్రంలో ఎవరెక్కడ ఉంటారో అక్కడే కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు పడవండి. బిగించండి."

ఇంజను కాళ్ళ కింద షిమ్ములు, అంటే పల్చటి రేకు ముక్కలు, సర్ది బిగించాను. షాఫ్టు ఒంటి వేలితో తిరిగింది. మర్నాడు తెల్లవారుజామునే అన్ని పడవలతోపాటు వీర్రాజు పడవా వెళ్ళింది. దాని చప్పుడు మిగతా వాటిలో కలిసిపోయేదాకా గట్టు మీదే నిలబడ్డాను.

ఇప్పుడు ఏ మిషనైనా మొయ్యాల్సిన బరువు మోయించాకే ఆఖరి బోల్టు బిగిస్తాను. మా సూపర్‌వైజరు బీహార్ ఆయన. దేనికి ఆగావని హిందీలో విసుక్కుంటాడు. తాగనివ్వండి సార్, అని తెలుగులో గొణుక్కుని, రేకు తీసి మళ్ళీ కొలుస్తాను.